1928 నాటి పుస్తకం నయం, 1998 నాటి ఫైలే గండంలో ఉంది

తెలుగులో ఏ రాతలు అందరికంటే ముందు మాయమైపోయేలా ఉన్నాయని ఎవర్ని అడిగినా తాటాకు ప్రతుల పేరే చెబుతారు. కాదంటే ముట్టుకోగానే పొడిపొడిగా రాలే పాత పత్రికల పేరు చెబుతారు. అదీ నిజమే. చెదలూ తేమా తమ పని తాము చేసుకుపోతూనే ఉన్నాయి. కానీ నన్నడిగితే, అంతకంటే పెద్ద గండం సుమారు 1990 నుంచి 2010 దాకా మనం కంప్యూటర్ మీద కంపోజ్ చేసిన తెలుగుకి ఉంది. కవితా సంపుటాలు, జిల్లా చరిత్రలు, నాలుగు సంచికలొచ్చి ఆగిపోయిన చిన్న పత్రికలు, సంఘాల సావనీర్లు, మొదటి తరం వెబ్‌సైట్లు అన్నీ ఆ కాలానివే. 1928 నాటి ‘భారతి’ సంచిక ఒకటి చేతికి దొరికితే చాలు, అక్కడే కూర్చుని చదివేయొచ్చు. 1998 నాటి ఫైలు మాత్రం చేతికి దొరికినా చదవలేం.

పుస్తకం అచ్చయింది కదా, ఫైలు పోతే ఏమిటి అనొచ్చు. అచ్చయిందే అనుకుందాం. ఐదొందల కాపీలు వేసి, సగం ఆవిష్కరణ సభలో పంచి, మిగతావి రచయిత ఇంట్లో అటక మీద పెట్టిన పుస్తకం పాతికేళ్ల తర్వాత ఎక్కడ దొరుకుతుంది? ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ మరికొన్ని లైబ్రరీలకీ పంపి తీరాలని 1954లోనే చట్టం వచ్చింది. మన చిన్న ప్రచురణకర్తల్లో ఎంతమంది పంపారో వాళ్లకే తెలియాలి. పైగా ఆ చట్టం అచ్చు పుస్తకం కోసం చేసింది. ఫైలు ఊసు అందులో లేదు. ఇక అసలు అచ్చుకే వెళ్లని రాతల సంగతి చెప్పక్కర్లేదు.

డిజిటైజేషన్ అంటే స్కానింగ్ అని స్థిరపడిపోవడం వల్ల ఈ గండం ఎవరికీ కనబడటం లేదు. నిజానికి అందులో మూడు పనులున్నాయి. పేజీని బొమ్మ తియ్యడం ఒకటి. ఆ బొమ్మలోంచి అక్షరాలు రాబట్టడం రెండోది. ఆ బొమ్మా ఆ అక్షరాలూ ఏళ్ల తరబడి చెడిపోకుండా, తెరవడానికి వీలుగా చూసుకోవడం మూడోది. మొదటి పనికి టెండర్లుంటాయి, ప్రారంభోత్సవాలుంటాయి. రెండో పని ఓపికున్న కొద్దిమంది నెత్తిన పడింది. మూడోదానికి జీతమూ లేదు, హోదా కూడా లేదు.

‘అను’ ఫాంట్ల లోపల ఏముంది?

కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక అంకె. ఏ అంకె ఏ అక్షరమో ప్రపంచమంతా ఒప్పుకున్న పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ పట్టికలో చోటుంటే సరిపోదు, గుణింతాలూ వత్తులూ సరిగ్గా కట్టి తెర మీద చూపించే ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి. విండోస్ వాడేవాళ్లకి అది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. ప్రెస్సువాళ్లు అంతకాలం ఆగరు కదా. పెళ్లి కార్డు పదో తారీకుకి కావాలి.

అందుకని ఓ అడ్డదారి కనిపెట్టారు. ఇంగ్లీషు ఫాంటులో సుమారు రెండొందల చిల్లర గడులుంటాయి. ఆ గడుల్లో ఇంగ్లీషు అక్షరాల బదులు తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఇంకో గడిలో, క్రావడి మరోదాంట్లో. తెలుగు ముక్కలన్నీ ఒక ఫాంటులో పట్టకపోతే రెండు మూడు ఫాంట్లకి పంచారు. తెర మీద చూస్తే ముచ్చటైన తెలుగు, ప్రింటు తీస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఫైలు లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఫాంటు తీసేస్తే మిగిలేది ఎవరికీ అర్థంకాని గజిబిజి.

ఏ ముక్క ఏ గడిలో పెట్టాలో కంపెనీకో లెక్క. ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో ఒక అంకె ఒక ముక్క అయితే, శ్రీలిపిలో అదే అంకె ఇంకో ముక్క. ‘ఈనాడు’ వెబ్‌సైటు కోసం తయారుచేసిన ఫాంటుది మరో దారి. అంచేత ఒకదాన్ని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఇంకోదానికి పనికిరాదు. అక్షరాల వరస కూడా తలనొప్పే. ‘క్రి’ అన్నది యూనికోడ్‌లో క, పొల్లు, ర, గుడి అన్న క్రమంలో ఉంటుంది, అంటే మనం పలికే క్రమంలో. పాత ఫాంట్లలో గుడి కట్టిన ‘కి’ ఒక ముక్క, దాని పక్కన క్రావడి ఒక ముక్క. కంటికి కనబడే క్రమమే ఫైలులోకి ఎక్కింది. మార్చే ప్రోగ్రాం ప్రతి అక్షరాన్నీ విప్పి మళ్లీ పేర్చాలి. మధ్యలో ఒక ఇంగ్లీషు పేరో ఫోన్ నంబరో వస్తే దాన్నీ తెలుగే అనుకుని తికమక పడుతుంది.

ఈ ఫాంట్లు కూర్చున్నది పేజ్‌మేకర్‌లో. పేజీలు కూర్చడానికి 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి వెర్షన్. దాని బదులు అదే కంపెనీ తెచ్చిన ఇవాళ్టి ఇన్‌డిజైన్ ఆ ఫైళ్లను తెరవదు. మన డీటీపీ సెంటర్లలో కొన్ని ఇప్పటికీ పాత కంప్యూటరొకటి పక్కన పెట్టుకుని 7.0 నడిపిస్తున్నాయంటే అది బద్ధకం వల్ల కాదు, ఆ కంప్యూటర్ ఆగితే పాత పుస్తకాలన్నీ ఆగిపోతాయి కాబట్టి.

ఫైలు ఎవరి దగ్గరుంది అన్నది ఇంకో ప్రశ్న. రచయిత చేతిరాత కట్ట ఆపరేటర్‌కి ఇచ్చేవాడు, ప్రూఫులు దిద్దేవాడు, చివరికి ట్రేసింగ్ పేపర్ మీద తీసిన ప్రింటు ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్లేది. ఫైలు డీటీపీ సెంటర్ హార్డ్‌డిస్కులోనే ఉండిపోయేది. అడిగిన వాళ్లకి ఓ సీడీ చేతిలో పెట్టేవారు. చాలామంది అడగలేదు. డిస్కు నిండిపోయినప్పుడు ఆపరేటర్ పాతవి తీసేశాడంటే తప్పు అతనిది కాదు, భద్రపరచమని అతనికి ఎవరూ చెప్పలేదు, డబ్బులూ ఇవ్వలేదు.

పీడీఎఫ్ చేసి పెట్టుకున్నాం, ఇక టెన్షన్ లేదు అనుకునేవాళ్లు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చెయ్యండి. తెలుగు రాకపోతే మీ దగ్గరున్నది చదవడానికి పనికొస్తుంది గానీ, వెతకడానికి పనికిరాదు. చూపులేనివాళ్ల కోసం ఫోన్‌లో చదివి వినిపించే ప్రోగ్రాం కూడా ఆ గజిబిజినే చదువుతుంది.

వెబ్‌సైట్ల కథ ఇంకా చిత్రం. తొలినాళ్ల తెలుగు పత్రికల సైట్లు చూడాలంటే ముందు వాళ్ల ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. ఆ పేజీలు కొన్ని, పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషిన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. పేజీ ఉంది, లోపల గజిబిజి ఉంది. దాన్ని అక్కడికక్కడే తెలుగులోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి ఉండేది, చాలామందిని ఆదుకుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి ఆ పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటికీ తలుపులు మూసేసింది. పాత ఫైలుని కాపాడే పనిముట్టుని కాపాడటం కూడా ఒక పనే అని అప్పుడు తెలిసొచ్చింది.

ఇదే కాలంలో ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ దగ్గర మొదలైన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగుని మామూలు ఇంగ్లీషు అక్షరాలతో, ఏ శబ్దానికి ఏ అక్షరమో కచ్చితమైన నియమంతో టైపు చేసేవారు. చూడ్డానికి అందం లేదు. కానీ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, నియమం తెలిసిన ప్రోగ్రాం ఏదైనా దాన్ని తెలుగులోకి తిప్పేస్తుంది. ప్రవాసాంధ్రులు 1998లో మొదలుపెట్టిన ‘ఈమాట’ పత్రిక తొలి సంచికలు ఇవాళ యూనికోడ్‌లో హాయిగా చదువుకోగలుగుతున్నాం. సాంకేతికం మారినప్పుడల్లా వెనక్కి వెళ్లి పాత సంచికల్ని కూడా మార్చుకుంటూ వచ్చారు కాబట్టి అది సాధ్యమైంది. అదే ఏడాది ముద్దొచ్చే ఫాంటులో కంపోజైన పత్రికల్లో ఎన్నిటికి ఆ భాగ్యం దక్కింది?

స్కాన్ చేసిన పుస్తకాల సంగతి

స్కానింగ్ అక్కర్లేదని నా వాదన కాదు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్లొచ్చి అరుదైన పుస్తకాలు తడిసిపోయాయి. అలాంటి చోట్ల ఉన్న పుస్తకానికి బొమ్మ అయినా ఇంకెక్కడో ఉండి తీరాలి.

తెలుగు పుస్తకాలకి ఆ మేలు పెద్ద ఎత్తున చేసింది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఉండి తలపెట్టిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టుకి అది భారతీయ శాఖ. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు అందులో ఉన్నాయి. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఈ రోజు పాత తెలుగు పుస్తకం కోసం నెట్‌లో వెతికే ప్రతివాడూ తెలిసో తెలియకో ఆ పని మీదే ఆధారపడి ఉన్నాడు.

అయితే ఆ పని హడావుడిగా జరిగింది. చాలా పేజీలు నలుపు-తెలుపుల్లో మాత్రమే తీశారు. మధ్యలో బూడిద రంగు కూడా లేదు. ఇంగ్లీషుకి అది కొంతవరకు సరిపోతుందేమో. తెలుగులో పంక్తి కింద చిన్నగా వేలాడే వత్తులు ఆ పద్ధతిలో పూడుకుపోయి నల్ల చుక్కలుగా మిగిలాయి. ముఖచిత్రం రంగులు పోయాయి, అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్నది పోయింది. కొన్ని పేజీల్లో స్కాన్ చేసినవారి బొటనవేలు ఉంది, కొన్ని పేజీలు అసలే లేవు.

పేర్ల నమోదు ఇంకో తంతు. తెలుగు శీర్షికల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. సున్నా వచ్చిన చోట ఎన్ పక్కన ఒక అపాస్ట్రఫీ, దీర్ఘానికి రెండేసి అక్షరాలు, ‘ణ’కి ఎన్, డి, ఆపైన ఒక అడ్డగీత. ఈ లెక్క తెలియనివాడు ‘ఆంధ్ర’ అని వెతికితే ఆంధ్ర దొరకదు. పుస్తకం ఉంది, దొరకదు. లైబ్రరీలో తప్పు బీరువాలో పెట్టిన పుస్తకం లేనట్టే లెక్క అని లైబ్రేరియన్లు ఊరికే అనరు. 2014 ప్రాంతంలో తెలుగు వికీపీడియన్లు కూర్చుని ఈ పుస్తకాల పేర్లను తెలుగు లిపిలో జాబితాలుగా తయారుచేశాకే చాలామందికి ఆ నిధి కంటబడింది.

ఆ తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్ఐ) సైటు కాపీరైట్ గొడవల నడుమ మూతపడింది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్లదాకా హక్కులు వారసులవి. వారసులెవరో ఎవరికీ తెలియని పుస్తకాలే ఎక్కువ. సైటు పోయినా పుస్తకాలు పోలేదంటే, వాటి కాపీలు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడం వల్లే. అక్కడ ఇప్పటికీ ఐడీలో ‘డీఎల్ఐ 2015’ అని ఉన్న తెలుగు పుస్తకాలు కనబడతాయి. ఆ ఆర్కైవ్ మీద 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి 3.1 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, సైటు రోజుల తరబడి ఆగిపోయింది. ఆ కొద్ది రోజులు మన పరిశోధక విద్యార్థులు ఏం చేశారంటే, ఆగారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక స్వచ్ఛంద సంస్థ బాగుంటేనే తెలుగువాడికి పాత పుస్తకం అందుతుందన్న పరిస్థితి ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు, అలా జరిగిపోయింది.

బొమ్మలోంచి అక్షరం తీసే ఓసీఆర్ గురించి రెండు ముక్కలు. గత పదేళ్లలో అది చాలా మెరుగైంది, కాదనను. కానీ మన లిపిలో తలకట్టు అంటుకుంటే ‘వ’, విడిగా ఉంటే ‘ప’. పాత అచ్చులో సిరా కాస్త పాకితే ‘పని’ కాస్తా ‘వని’ అయి కూర్చుంటుంది. అరసున్నలూ బండి ఱలూ నిండిన పుస్తకాలైతే యంత్రానికి ఇంకా కష్టం. అందుకే తెలుగు వికీసోర్స్‌లో బొమ్మ ఒక పక్క, అక్షరాలు ఒక పక్క పెట్టుకుని మనుషులు దిద్దుతారు. ఒకరు దిద్దితే పేజీకి పసుపు రంగు, ఇంకొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ. నెమ్మదైన పని. ప్రస్తుతానికి దీనికి మించిన దారి నాకు కనబడటం లేదు.

ఒక్క బిట్టు తేడా

ఇప్పుడు మూడో పని, కాపలా. తాటాకుల చివర లేఖకులు ఒక శ్లోకం రాసేవారు: నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అని పుస్తకమే వేడుకుంటుందట. ఆ జాగ్రత్తలు తీసుకుని పెట్టెలో పెడితే తాటాకు కొన్ని తరాలపాటు ఎవరూ పలకరించకపోయినా ఊరుకుంటుంది. తాళ్ళపాక రాగిరేకులు తిరుమల ఆలయంలో శతాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉండి కూడా ఇరవయ్యో శతాబ్దంలో చదవడానికి దొరికాయి. ఫైలుకి అంత ఓర్పు లేదు.

ఎందుకో అక్షరం స్థాయిలో చూద్దాం. యూనికోడ్‌లో ‘క’ స్థానానికీ ‘గ’ స్థానానికీ మధ్య తేడా ఒకే ఒక్క బిట్టు, అంటే ఒక సున్నా ఒకటిగా మారడం. పాత హార్డ్‌డిస్కు మీద ఆ ఒక్క బిట్టు తిరగబడితే ‘కాలం’ ‘గాలం’ అవుతుంది, ‘కుడి’ ‘గుడి’ అవుతుంది. ఫైలు మామూలుగానే తెరుచుకుంటుంది, ఎక్కడా ఎర్ర గుర్తు రాదు. చదివేవాడు అచ్చుతప్పు అనుకుని ముందుకు పోతాడు. కుదించిన బొమ్మలోనో జిప్ ఫైలులోనో అదే జరిగితే సగం పేజీ పోవచ్చు, లేదా ఫైలే తెరుచుకోకపోవచ్చు.

దీన్ని పట్టుకోవడానికి చెక్‌సమ్ అనే పద్ధతి ఉంది. ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి ఒక పొడవాటి సంఖ్య తీస్తారు. లోపల ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. స్కాన్ చేసిన రోజున ఆ సంఖ్య రాసిపెట్టుకుని, ఆరు నెలలకోసారో ఏడాదికోసారో మళ్లీ లెక్కగట్టి పోల్చాలి. తేడా వస్తే ఇంకో కాపీ నుంచి బాగు చెయ్యాలి. ఇంకో కాపీ లేకపోతే, పాడైందని తెలుసుకోవడం తప్ప చేసేదేం లేదు. అందుకే కనీసం మూడు కాపీలు ఉండాలి, ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి అంటారు. స్టాన్‌ఫర్డ్ లైబ్రరీలో పుట్టిన ‘లాక్స్’ పద్ధతి ఇదే సూత్రం మీద నడుస్తుంది. వేర్వేరు లైబ్రరీల్లోని కంప్యూటర్లు తమ కాపీలను ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ, చెడిపోయినదాన్ని సరిచేసుకుంటూ ఉంటాయి.

క్లౌడ్‌లో పెడితే ఇవన్నీ వాళ్లే చూసుకుంటారు కదా అంటే, 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కి నిప్పంటుకుంది. ప్రభుత్వోద్యోగులు వాడే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి. మరీ పెద్దదని దానికి బయట బ్యాకప్ పెట్టలేదు. కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే దేశం అది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి 2023 అక్టోబరులో తగిలిన దెబ్బ ఇంకో రకం. పుస్తకాలు బీరువాల్లో క్షేమంగానే ఉన్నాయి, సైబర్ దాడిలో ఆన్‌లైన్ క్యాటలాగ్ పడిపోయింది. అది తిరిగి అందుబాటులోకి వచ్చేసరికి 2024 జనవరి అయింది, అదీ అరకొరగానే.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. డెమ్మీ సైజు పుస్తకాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రంగుల్లో, కుదించకుండా స్కాన్ చేస్తే పేజీకి సుమారు 12.6 మెగాబైట్లు. మూడొందల పేజీల పుస్తకం 3.8 గిగాబైట్లు. పది వేల పుస్తకాలున్న ఒక మోస్తరు లైబ్రరీ 38 టెరాబైట్లు, మూడు కాపీలంటే 114. డిస్కులు కొనడం ఒకసారి ఎవరైనా చేస్తారు. ఐదారేళ్లకోసారి వాటిని మార్చడం, చెక్‌సమ్‌లు పోల్చడం, ఆ పనికి ఒక మనిషిని పెట్టడం, అలా ఏటా నిధులు ఇవ్వడం దగ్గరే చేతులెత్తేస్తారు. మన స్కానింగ్ టెండర్లు పేజీల లెక్కన ఉంటాయి. పేజీకి ఇంత అని డబ్బు చెల్లించి, హార్డ్‌డిస్కు అప్పగించుకుని, సంతకం పెట్టించుకుంటే ఫైలు మూసేస్తారు. ఆ హార్డ్‌డిస్కు బీరువాలోకి వెళ్తుంది. నా దృష్టిలో అక్కడితో స్కానింగ్ పూర్తయింది, భద్రపరచడం మొదలే కాలేదు.

డబ్బు అసలు లేదా అంటే, దారి ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద రెండు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. మనం కట్టే ఇంటి పన్ను రసీదులోనే ఉంటుంది, చూడండి. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థల దాకా సకాలంలో చేరడం లేదన్నది పాత ఫిర్యాదే. అది చేరితే, అందులో ఏటా చిన్న వాటా ఈ కాపలాకి కేటాయించడం పెద్ద కష్టం కాదు. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం వంటి నూరేళ్లు దాటిన లైబ్రరీలు తమ స్కాన్ల కాపీ ఒకటి పక్క లైబ్రరీలో ఉంచుకునే ఒప్పందం చేసుకోవడానికైతే సెస్సు కోసం కూడా ఎదురుచూడక్కర్లేదు.

ఇక మన ఇళ్లలో ఉన్నవి. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన రచయిత ఇంట్లోనో పేజ్‌మేకర్ ఫైళ్లున్న సీడీలుంటే ఈ నెలలోనే బయటికి తియ్యండి. మన ఎండకీ తేమకీ రాసుకునే సీడీ మీద పొర చెడిపోతుంది, కొన్నిటికి బూజు పడుతుంది. ముందు చేయాల్సింది సీడీలో ఉన్నది ఉన్నట్టు రెండు చోట్లకి కాపీ చెయ్యడం. ఫైలుతోపాటు అందులో వాడిన ఫాంట్లు కూడా పక్కనే పెట్టాలి, ఏ ఫాంటు ఏ వెర్షనో ఒక కాగితం మీద రాయాలి. తర్వాత పేజ్‌మేకర్ 7.0 ఇంకా నడుస్తున్న డీటీపీ సెంటర్ ఒకటి వెతికి పట్టుకుని పీడీఎఫ్ తీయించండి. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు అను ఫాంట్లకి దొరుకుతున్నాయి. మార్చాక మాత్రం క్రావడులూ, మధ్యలో వచ్చే ఇంగ్లీషు పేర్లూ ఒకసారి కంటితో చూసుకోండి. ఆ ఆపరేటర్లలో చాలామంది ఇప్పుడు రిటైరయ్యే వయసులో ఉన్నారు.